స్లీపా, హైబర్నేటా: అరండల్‌పేట ఆడిటర్ ఆఫీసు కేసు

గుంటూరు అరండల్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు. రెండు గదులు, స్టాఫ్‌కు ఐదు డెస్క్‌టాప్‌లు, టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా అంతా ఉన్న మరో డెస్క్‌టాప్ (దాన్ని వాళ్ళు సర్వర్ అంటారు), ఆడిటర్ గారి చేతిలో ఓ కొత్త పల్చటి ల్యాప్‌టాప్. క్లయింట్లలో ఎక్కువమంది మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులు, కోల్డ్ స్టోరేజీల వాళ్ళు. సిస్టమ్‌ల మెయింటెనెన్స్ వేరేవాళ్ళ నుంచి మాకు వచ్చింది ఆ ఏడాదే.

ఆగస్టు చివర్లో ఆడిటర్ గారు ఫోన్ చేశారు. ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులకు మామూలు గడువు సెప్టెంబరు 30. అంటే ఆ ఆఫీసులో అది తిండీ నిద్రా లేని కాలం. "సిస్టమ్‌లన్నీ పిచ్చి పిచ్చిగా చేస్తున్నాయండీ. పని అట్లాగే ఉంచి స్లీప్‌లో పెడితే ఒక రోజు ఉంటోంది, ఒక రోజు ఉండట్లేదు. ఎస్ఎస్‌డీలు పోయాయేమో, మార్చాలంటే మార్చేద్దాం" అన్నారు. ల్యాప్‌టాప్ సంగతి వేరు: రాత్రి సగానికి పైగా చార్జింగ్‌తో మూత వేస్తే పొద్దున్నే చచ్చి ఉంటోంది. ఒకసారి విజయవాడ వెళ్తుంటే వారధి దాటేలోపే బ్యాగు చెయ్యి పెట్టలేనంత వేడెక్కిందట.

ఎస్ఎస్‌డీలు (ఫైళ్ళు దాచే డిస్కులు) అన్నీ ఒకే నెలలో పోవు. అందుకని అటువైపు చూడలేదు.

ముందు వాళ్ళు ఎట్లా పని చేస్తారో కాసేపు కూర్చుని చూడాల్సి వచ్చింది. ఒక్కో ఆర్టికల్ కుర్రాడి (సీఏ చదువుతూ ఆఫీసులో శిక్షణ పొందేవాడి) స్క్రీన్ మీద పదికి తగ్గకుండా ఎక్సెల్ షీట్లు. ఒకదాంట్లో టిక్కీల (మిర్చి బస్తాల) స్టాకు, ఒకదాంట్లో బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంకోదాంట్లో పార్టీల బాకీలు, పక్కన పీడీఎఫ్‌లు, వెనకాల టాలీ. ఏ షీటు ఎక్కడుందో, ఏ వరుస దగ్గర ఆగారో అదంతా వాళ్ళ పనిలో భాగం. షట్‌డౌన్ చేసి పొద్దున్నే మళ్ళీ ఆ దొంతర పేర్చుకోవాలంటే వాళ్ళకు ప్రాణం మీదికి వస్తుంది. సేవ్ చేసుకోమని చెప్పడం తేలికే. పోయేది ఫైలు ఒక్కటే కాదు, ఆలోచన ఎక్కడ ఆగిందో ఆ గుర్తు కూడా. కాబట్టి "రోజూ షట్‌డౌన్ చెయ్యండి" అనే సలహా ఈ ఆఫీసులో నిలవదని మొదటి రోజే అర్థమైంది.

భోజనానికి లేచినా, రాత్రి ఇంటికి పోయినా వాళ్ళు చేసే పని ఒక్కటే, స్లీప్. ఇక్కడ రెండు ముక్కలు చెప్పుకోవాలి. స్లీప్ అంటే ప్రాసెసర్, డిస్కు, ఫ్యాను అన్నీ ఆగిపోయి, తెరిచి ఉన్న పనంతా నిలిచే తాత్కాలిక మెమరీ ర్యామ్‌కు మాత్రం కరెంటు అందుతూ ఉండటం. ర్యామ్‌లో ఒక్కో బిట్టూ ఒక్కో చిన్న కెపాసిటర్. అందులో చార్జి ఓటి కుండలో నీళ్ళలా కారిపోతూనే ఉంటుంది. అందుకే మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లకూ ఒకసారి దాన్ని నింపుతూ ఉంటారు. ఆ నింపడం ఆగితే లోపలున్నదంతా పోయినట్టే. హైబర్నేట్ అలా కాదు. ర్యామ్‌లో ఉన్నదాన్ని కుదించి, సీ డ్రైవులో హైబర్‌ఫిల్ డాట్ సిస్ అనే దాగి ఉండే ఫైలులో రాసి, మెషీన్ పూర్తిగా ఆరిపోతుంది. మళ్ళీ ఆన్ చేస్తే ఆ ఫైలు నుంచి చదువుకుని వదిలిన చోటే లేస్తుంది. ప్లగ్గు పీకేసి వారం తర్వాత పెట్టినా అంతే. కంప్యూటర్ల కరెంటు వాడకం కోసం 1996లో వచ్చిన ఏసీపీఐ ప్రమాణంలో ఈ రెంటికీ ఎస్3, ఎస్4 అని పేర్లు. అవే ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

స్లీప్ నుంచి రెండు మూడు సెకన్లలో లేస్తుంది, హైబర్నేట్ నుంచి ఎస్ఎస్‌డీ ఉంటే పావు నిమిషం అటూ ఇటూ. చాలామంది ఈ తేడా ఒక్కటి చూసి ఎంచుకుంటారు. నేనైతే ఎవరడిగినా ముందు తిరిగి ఇది అడుగుతాను: మీరు తిరిగి వచ్చేదాకా ఆ ప్లగ్గులో కరెంటు ఉంటుందా, దాని స్విచ్చి ఎవరి చేతిలో ఉంది?

ఇక లాగ్ చూద్దాం. మెషీన్‌లో జరిగినవి నంబర్లతో రాసిపెట్టే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ కింద 42 అంటే మెషీన్ స్లీప్‌లోకి వెళ్ళింది. పవర్-ట్రబుల్‌షూటర్ కింద 1 అంటే లేచింది. కెర్నల్-పవర్ 41 అంటే సరిగ్గా ఆగకుండానే మళ్ళీ మొదటినుంచీ ఆన్ అయ్యింది. మంచి రోజున 42 తర్వాత 1 ఉంటుంది. ఫిర్యాదు ఉన్న రోజుల్లో 42 తర్వాత నేరుగా 41. అంటే మెషీన్ పడుకుంది, నిద్రలోనే కరెంటు పోయింది. తప్పు డిస్కుది కాదు, విండోస్‌ది కాదు. ఆ 42ల వేళలు రెండు గుంపులుగా ఉన్నాయి. కొన్ని మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, కొన్ని రాత్రి తొమ్మిది దాటాక.

రాత్రి గుంపు సంగతి అటెండర్‌ని అడిగితే ఒక్క మాటతో తేలిపోయింది. ఆయన ఆ ఆఫీసులో ఆడిటర్ గారి తండ్రి కాలం నుంచీ ఉన్నాడు.

"బాబాయ్, రాత్రి తాళం వేసేటప్పుడు మెయిన్ దించుతావా?"

"దించకుండా ఎట్టా పోతానయ్యా? రాత్రేదన్నా అంటుకుంటే ఎవురిది పూచీ?"

ఆయన మాట కాదనేదేం కాదు. కట్టలు కట్టలు కాగితాలున్న ఆఫీసు. పాత వైరింగు. మెయిన్ దించి పోవడమే మంచిది. ఇక పని ఒక రోజు ఉండి ఒక రోజు పోవడం ఎందుకంటే, ఆర్టికల్ కుర్రాళ్ళు అర్ధరాత్రి దాకా కూర్చున్న రోజుల్లో తాళం వాళ్ళే వేస్తారు, మెయిన్ ముట్టుకోరు. ఆ మర్నాడు షీట్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. బాబాయ్ తాళం వేసిన రోజు ఉండవు. ఎవరు తాళం వేశారో రాసుకునే పుస్తకం ఉంటే లాగ్ అవసరమే ఉండేది కాదు.

మధ్యాహ్నం గుంపు మాత్రం ఇంత తేలిగ్గా దొరకలేదు. ఆ వేళ మెయిన్ ఎవరూ దించరు. ఉరుములు, వాన పడి కాసేపు కరెంటు పోతుంటుంది, నిజమే. కానీ ప్రతి సిస్టమ్‌కూ 600 వీఏ యూపీఎస్ ఉంది, బ్యాటరీలు బాగానే ఉన్నాయి. ఆన్‌లో ఉండి పని చేస్తున్న సిస్టమ్‌లు అదే కరెంటు కోతలో బతికాయి. స్లీప్‌లో ఉన్నవే పోయాయి! నిండుగా కరెంటు లాగుతున్నది బతికి, రెండు మూడు వాట్లు లాగేది చావడమేమిటి?

ఒక డెస్క్‌టాప్‌ని స్లీప్‌లో పెట్టి, యూపీఎస్ వైరు గోడ సాకెట్ నుంచి పీకి పక్కన కూర్చున్నాను. యూపీఎస్ కుయ్‌కుయ్‌మంది. కాసేపటికి తనంతట తానే ఆరిపోయింది. బ్యాటరీ నిండుగానే ఉంది. ఈ రకం చవక యూపీఎస్‌లలో నో-లోడ్ షట్‌డౌన్ అనే ఏర్పాటు ఉంటుంది. బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు లోడు మరీ తక్కువగా ఉంటే "ఇక్కడ ఏమీ తగిలించి లేదు, బ్యాటరీ వృథా ఎందుకు" అనుకుని కట్టేసుకుంటుంది. పనిలో ఉన్న సిస్టమ్, మానిటర్ కలిసి యాభై అరవై వాట్లు లాగుతాయి కాబట్టి దానికి కనపడతాయి. పడుకున్న సిస్టమ్ లాగే రెండు మూడు వాట్లు దాని లెక్కలోకే రావు. కొందరు తయారీదార్లు దీన్ని గ్రీన్ ఫంక్షన్ అని పెట్టె మీద గొప్పగా వేస్తారు. యూపీఎస్ ఉంది కదా అని స్లీప్‌ని నమ్ముకునేవాళ్ళు ఒకసారి ఈ పరీక్ష చేసి చూసుకోవాలి. చేసేటప్పుడు అన్నీ సేవ్ చేసి మరీ చెయ్యండి.

ఇక్కడిదాకా వచ్చాక ఇంకో ప్రశ్న. అసలు డెస్క్‌టాప్‌లలో దీనికి విరుగుడు ముందునుంచే ఉంటుంది, హైబ్రిడ్ స్లీప్. విస్టా కాలం నుంచి ఉన్నదే. స్లీప్ నొక్కగానే ర్యామ్‌లో ఉన్నదంతా ముందు డిస్కులోకి రాసి, ఆ తర్వాత మామూలు స్లీప్‌లోకి వెళ్తుంది. కరెంటు పోకపోతే ర్యామ్ నుంచి చటుక్కున లేస్తుంది, పోతే డిస్కు నుంచి నిదానంగా లేస్తుంది. డెస్క్‌టాప్‌లలో మామూలుగా అది ఆన్‌లోనే ఉంటుంది. మరి ఇక్కడ ఎందుకు కాపాడలేదు?

అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, పక్కన స్లాష్ ఏ (powercfg /a) కొడితే ఆ మెషీన్‌లో ఏయే నిద్రలు కుదురుతాయో, ఏవి ఎందుకు కుదరవో రాసి చూపిస్తుంది. ఐదింటిలోనూ ఒకటే జవాబు: హైబర్నేషన్ ఆపి ఉంది, అందువల్ల హైబ్రిడ్ స్లీప్ లేదు, ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అయ్యే ఏర్పాటు) కూడా లేదు. ల్యాప్‌టాప్‌లోనూ అంతే. ఇంతకుముందు ఎవరో సీ డ్రైవు నిండిపోతోందని పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ అనే కమాండు అన్ని మెషీన్లలో కొట్టి పోయారు. అవి 120 జీబీ ఎస్ఎస్‌డీలు, కాబట్టి ఎందుకు కొట్టారో అర్థమవుతుంది. హైబర్‌ఫిల్ ఫైలు విండోస్ 10, 11లలో మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది. 8 జీబీ ర్యామ్‌కి 3.2 జీబీ. ఆ మూడు జీబీ మిగిల్చుకోవడానికి ఆఫీసంతటి బీమా రద్దయింది. సీ డ్రైవు ఖాళీ చెయ్యడానికి యూట్యూబ్ వీడియోలలో చెప్పే మొదటి చిట్కా కూడా ఇదే. అది చూపించేవాళ్ళు హైబ్రిడ్ స్లీప్ పోతుందన్న మాట చెప్పగా నేను వినలేదు.

పరిష్కారం మీద ఆఫీసులో చర్చ జరిగింది. ఆడిటర్ గారు మొదట అడిగింది మెయిన్ దించకుండా ఉంటే సరిపోదా అని. కరెంటు ఖర్చు లెక్క పెద్దదేం కాదు. స్లీప్‌లో 3 వాట్లు, రాత్రి 14 గంటలు, నెలకు 30 రోజులు, అంటే సిస్టమ్‌కు 1.26 యూనిట్లు. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా పన్నెండు పదమూడు రూపాయలు. స్లీప్ కూడా చెయ్యకుండా 50 వాట్ల మీద ఊరికే వదిలేస్తే మాత్రం 21 యూనిట్లు అవుతుంది. కానీ ఖర్చు తక్కువని బాబాయ్ అలవాటు మాన్పించడం నాకు నచ్చలేదు. ఆయన భయం సరైంది. ఒకవేళ ఆయన మానినా రాత్రి కరెంటు పోతే యూపీఎస్ కథ మళ్ళీ మొదటికొస్తుంది.

గోడ మీద కాగితం అంటిద్దాం, అందరూ రాత్రి హైబర్నేట్ చేసి పోవాలని, అన్నాడు సీనియర్ ఆర్టికల్. సెప్టెంబరు 28 రాత్రి ఎవరూ ఆ కాగితం చదవరు. గడువు దగ్గర పడ్డ ఆఫీసులో జాగ్రత్త మీద ఆధారపడే ఏర్పాటు ఏదైనా ఆ పది రోజుల్లోనే విరిగిపోతుంది. అందుకే ఎవరూ ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేని పద్ధతి కావాలి.

సిస్టమ్‌లలో హైబర్నేషన్ మళ్ళీ ఆన్ చేశాం. అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్‌లలో హైబ్రిడ్ స్లీప్ ఆన్. క్యాబినెట్ మీది పవర్ బటన్ నొక్కితే స్లీప్ అని పెట్టాం. భోజనానికి లేచినా అదే బటన్, రాత్రి పోయేటప్పుడూ అదే. మధ్యాహ్నం కరెంటు ఉంటే రెండు సెకన్లలో లేస్తుంది. యూపీఎస్ ఆరిపోయినా, బాబాయ్ మెయిన్ దించినా డిస్కు నుంచి లేస్తుంది. రాసే కొద్ది సెకన్లు పూర్తయ్యాక మాత్రమే కరెంటు తియ్యాలి. బటన్ మీది లైటు మినుకుమినుకు మొదలైతే రాయడం అయిపోయినట్టు. ఆ ఒక్కటే బాబాయ్‌కి చూపించాం.

"కొంతసేపయ్యాక హైబర్నేట్" అన్న టైమర్ ఉంది కదా, అది పెడితే చాలదా అని అడిగేవాళ్ళుంటారు. ఆ టైమర్ గంట తర్వాత మెషీన్‌ని ఓ క్షణం లేపి, డిస్కులో రాయించి, ఆర్పుతుంది. ఆ గంటలోపే మెయిన్ దిగిపోతే లేపేది ఏముంది? బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌కి అది పనికొస్తుంది. ఈ డెస్క్‌టాప్‌లకు కాదు.

ఎస్ఎస్‌డీ అరిగిపోతుందని ఒక కుర్రాడు పట్టుబట్టాడు. లెక్క వేసి చూపించాల్సి వచ్చింది. ఒకసారి పడుకుంటే 3 జీబీ రాస్తుందనుకుందాం. రోజుకు నాలుగుసార్లు, ఏడాదికి 300 పనిరోజులు. 3.6 టెరాబైట్లు. చిన్న ఎస్ఎస్‌డీ అయినా 80 టెరాబైట్ల రాతకు హామీ ఉందంటే ఇరవై ఏళ్ళ పైమాటే. ఆ లోపల ఆ కుర్రాడు సీఏ అయి తన ఆఫీసు తెరిచి, అక్కడి సిస్టమ్‌లు కూడా రెండుసార్లు మార్చేసి ఉంటాడు.

టాలీ దగ్గర మాత్రం ఒక నియమం తప్పలేదు. స్లీప్ అయినా హైబర్నేట్ అయినా దాచేది ఆ మెషీన్ లోపల ఉన్నదాన్నే. నెట్‌వర్క్ అవతలి మెషీన్‌తో ఉన్న సంబంధాన్ని కాదు. టాలీలో కంపెనీ తెరిచి ఉంచి పడుకోబెడితే, లేచేసరికి సర్వర్ పక్క ఆ కనెక్షన్ తెగిపోయి ఉండవచ్చు. స్క్రీన్ మీద ఓచర్ కనపడుతూనే ఉంటుంది, సేవ్ కొడితే ఎర్రర్. కాబట్టి టాలీ మూసి లేవాలి, ఎక్సెల్ తెరిచి ఉంచవచ్చు. జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టళ్ళ లాగిన్‌లూ అంతే. ట్యాబ్ తెరిచి ఉన్నంత మాత్రాన లోపల సెషన్ బతికి ఉండదు, మళ్ళీ లాగిన్ కావాల్సిందే. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఒక్కోసారి లేచాక గుర్తుపట్టదు, పీకి పెడితే సరిపోతుంది.

సర్వర్‌ని మాత్రం పడుకోనివ్వలేదు. స్లీప్: ఎప్పటికీ వద్దు. అది నిద్రపోతే ఐదుగురూ ఒక్కసారి బయటపడతారు. రాత్రికి పూర్తి షట్‌డౌన్, అదీ ఫాస్ట్ స్టార్టప్ తీసేసి. ఇది చాలామందికి తెలియని సంగతి. విండోస్ 8 నుంచీ మామూలు షట్‌డౌన్ అంటే సగం హైబర్నేటే. మీ ప్రోగ్రాములు మూసేసి, కెర్నల్‌ని (విండోస్ గుండెకాయని) మాత్రం అదే హైబర్‌ఫిల్‌లో రాసి పెట్టుకుంటుంది. అందుకే రోజూ షట్‌డౌన్ చేసే సిస్టమ్‌లో కూడా టాస్క్ మేనేజర్ తెరిస్తే అప్‌టైమ్ రోజుల తరబడి కనపడుతుంది. నిజంగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టాలి. సర్వర్ యూపీఎస్ మార్చి యూఎస్‌బీ వైరు ఉన్నది పెట్టించాం. బ్యాటరీ అడుగంటితే విండోస్‌కు తెలిసి, దానంతట అదే సరిగ్గా ఆగిపోతుంది. బయాస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగులలో) కరెంటు రాగానే ఆన్ అయ్యేట్టు పెట్టాం. పొద్దున్నే బాబాయ్ మెయిన్ ఎత్తితే, స్టాఫ్ వచ్చేసరికి సర్వర్ సిద్ధంగా ఉంటుంది.

ఇక ల్యాప్‌టాప్. అందులో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ కొడితే ఎస్3 అసలు లేనే లేదు, ఉన్నది "ఎస్0 లో-పవర్ ఐడిల్". దీన్నే మోడర్న్ స్టాండ్‌బై అంటారు. 2012లో విండోస్ 8తో వేరే పేరు మీద వచ్చింది. ఫోన్‌లాగా స్క్రీన్ ఆరినా లోపల మెలకువగానే ఉండి మెయిళ్ళు, అప్‌డేట్లు చూసుకుంటుంది. అన్నీ సవ్యంగా ఉంటే చార్జింగ్ తక్కువే తింటుంది. ఏ డ్రైవరో, ఏ అప్‌డేటో నిద్రపోనివ్వకపోతే సంచిలో గాలి ఆడక కాగిపోతుంది. కొంత చార్జింగ్ దిగాక తనంతట తానే హైబర్నేట్‌లోకి జారుకునే రక్షణ ఉంటుంది. కానీ ఇక్కడ హైబర్నేట్ ఆపేసి ఉందిగా, జారడానికి చోటే లేదు, అడుగంటా దిగిపోయింది. డెస్క్‌టాప్‌ల రోగమూ దీని రోగమూ ఒకే కమాండు దగ్గరకొచ్చాయి. నిద్రలో ఏది ఎంత చార్జింగ్ తిన్నదో చెప్పే స్లీప్‌స్టడీ రిపోర్టు తీసి చూస్తే ఎక్కువ చార్జింగ్ తిన్న రాత్రులన్నిటిలోనూ వైఫై మెలకువగా ఉంది.

హైబర్నేట్ ఆన్ చేసి, మూత వేస్తే హైబర్నేట్ అని పెట్టాం, బ్యాటరీ మీదా, చార్జర్ మీదా రెండు చోట్లా. రెండోది ఎందుకంటే, ఆయన చార్జర్ ఉండగానే మూత వేసి, ఆ తర్వాత వైరు పీకి బ్యాగులో పెట్టుకుంటారు. ఏం చెయ్యాలో మూత పడ్డ క్షణంలోనే నిర్ణయమైపోతుంది. చార్జర్ పక్క స్లీప్ ఉంచితే బ్యాగులోకి వెళ్ళేది మెలకువగా ఉన్న మెషీనే. పొద్దున్నే పావు నిమిషం ఆగాలి అంటే ఆయన ముందు ముఖం చిట్లించారు. క్లయింట్ల పాన్‌లు, బ్యాలెన్స్ షీట్లు ఉన్న మెషీన్ బస్సులోనో కారులోనో పోతే ఏమిటని అడిగాను. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉన్నా స్లీప్‌లో దాని తాళం చెవి ర్యామ్‌లోనే ఉంటుంది. చల్లబరిచిన ర్యామ్ నుంచి అట్లాంటి తాళాలు తీయొచ్చని ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2008లోనే చూపించారు. హైబర్నేట్ ఫైలు బిట్‌లాకర్ లోపలే ఉంటుంది. అంత తెలివైన దొంగ మన గుంటూరు-విజయవాడ రూట్‌లో ఉంటాడని కాదు గానీ, ఆ మాటతో ఆయన ఒప్పుకున్నారు.

ఒక డెస్క్‌టాప్ రాత్రుళ్ళు తనంతట తాను లేచి కూర్చుంటోందని కూడా అన్నారు. పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ లాస్ట్‌వేక్ నెట్‌వర్క్ కార్డు పేరు చెప్పింది. డివైస్ మేనేజర్‌లో అది సిస్టమ్‌ని లేపే అనుమతి తీసేశాం, అయిపోయింది.

సెప్టెంబరు రెండో వారంలో ఒక మధ్యాహ్నం గట్టి వాన, కరెంటు చాలాసేపు లేదు, అందరూ భోజనంలో ఉన్నారు. పడుకున్న సిస్టమ్‌ల యూపీఎస్‌లు ఎప్పట్లాగే ఆరిపోయాయి. కరెంటు వచ్చాక బటన్ నొక్కితే టిక్కీల షీటు ఆగిన వరుస దగ్గరే తెరుచుకుంది. ఒక కుర్రాడు మాత్రం టాలీ మూయకుండా లేచాడు, ఎర్రర్ వచ్చింది, ఒక్క ఓచర్ మళ్ళీ కొట్టుకున్నాడు. శనివారం సాయంత్రం అందరూ రీస్టార్ట్ కొట్టి పోవాలన్నది మాత్రం ఇంకా సగం మందే చేస్తున్నారు. అందువల్ల అప్‌డేట్లు పేరుకుపోతున్నాయి.

మిగిలింది ముందున్న పని. ఆ డెస్క్‌టాప్‌లు విండోస్ 10వి. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మార్చాలి. బల్ల మీద చోటు కలిసొస్తుందని ఆడిటర్ గారికి మినీ పీసీలు, ఆల్ ఇన్ వన్‌ల మీద మనసుంది. వాటిలో కొన్ని మోడళ్ళు ల్యాప్‌టాప్‌లలాగే ఎస్0తో వస్తాయి. ఎస్3 లేకపోతే హైబ్రిడ్ స్లీప్ ఉండదు, ఒక్క బటన్ పద్ధతి అక్కడ పనిచెయ్యదు, పవర్ బటన్‌కి నేరుగా హైబర్నేటే ఇచ్చుకోవాలి. కాబట్టి కొటేషన్ తెచ్చిన షాపువాళ్ళని ర్యామ్ ఎంత, ఎస్ఎస్‌డీ ఎంత అని అడిగే ముందు, షోరూమ్‌లో డెమో పీసు మీద పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ కొట్టి ఆ స్క్రీన్ ఫొటో పంపమని చెప్పాను. ఒక షాపు నుంచి వచ్చింది, అందులో ఎస్3 ఉంది. రెండో షాపువాళ్ళు ఇంకా పంపలేదు.